అచ్చు వారిది, అక్షరము మనది
(నాదర్‌గుల్ గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



రజతోత్సవ సభలలో మాట్లాడువారు సాధారణముగా గ్రంథాలయోద్యమ చరిత్రను గూర్చియో, పఠనము వలని లాభములను గూర్చియో ప్రసంగింతురు. కార్యవర్గము వారు నాకు అప్పగించిన విషయము అంతకంటె చిన్నది. మన గ్రంథాలయమునకు ఒక వెబ్‌సైటు ఉండవలెనని నిరుడు తీర్మానించితిమి. నిధిలో సొమ్ము లేదు. అంతర్జాలములో ఉచితముగా లభించు ఒక నమూనాను, టెంప్లేటు అని పిలిచెడి దానిని, తెచ్చుకొని పని నెరవేర్చితిమి. ఆ పని ఎట్లు జరిగినది, అందు మేము నేర్చినదేమి, ఇతర గ్రామముల గ్రంథాలయముల వారికి పనికివచ్చునట్లు చెప్పుమని వారి ఆజ్ఞ.

నిజమునకు ఇది మా రెండవ ప్రయత్నము. మొదటిదానిని గూర్చి చెప్పుటకు నాకు సిగ్గుగా నున్నది, ఏలయనగా ఆ కాలమున కార్యదర్శిని నేనే. కొన్ని ఏండ్ల క్రిందట ఒకరికి రుసుము చెల్లించి పుట తయారు చేయించితిమి. చూచుటకు ముచ్చటగా నుండెను. కళాశాలలో చదువుకొనుచున్న ఇద్దరమ్మాయిలు వేసవి సెలవులలో మన దాఖలా పుస్తకము ముందు పెట్టుకొని గ్రంథముల పేర్లు ఒక్కొక్కటిగా టైపు చేసిరి. ఆ జాబితాకు వేఱొక ప్రతి తీసి ఉంచుకొనవలెనను బుద్ధి నాకు పుట్టలేదు. ఏటేట కట్టవలసిన పైకము కట్టుమని వచ్చిన జాబులు ఎవరును తెరవని పాత చిరునామాకు చేరినవి. గడువు దాటెను, పుట మాయమయ్యెను. తప్పు పుట తయారు చేసినవారిది కాదు, నాది. ఆ పిల్లలలో ఒకతె వచ్చి, “సార్, మేము కొట్టిన లిస్టు ఏదీ?” అని అడిగినది. నా యొద్ద జవాబు లేదు. ఈనాటి నా ప్రసంగమంతయు ఆ ప్రశ్నకు ఆలస్యముగా చెప్పుచున్న సమాధానమని మీరు భావింపవచ్చును.

పల్లెటూరి గ్రంథాలయమునకు వెబ్‌సైటు ఎందులకని కొందరు పెద్దలు అడిగిరి. అడుగుట న్యాయమే. మన ఊరు నిన్నటి ఊరు కాదు. 1981లో ఎం.వి.ఎస్.ఆర్. ఇంజినీరింగు కళాశాల నెలకొన్న నాడు చుట్టును పొలములే. ఇప్పుడు ఆ పొలములలో అనేకము ఇండ్ల స్థలములైనవి. ప్రొద్దున లేచినది మొదలు దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ వైపు పోవు వారును, అటునుండి ఇటు చదువులకు వచ్చు వారును బస్సులలో క్రిక్కిరిసి యుందురు. వారి చేతులలో పుస్తకము లేదు, ఫోను కలదు. వారు చదువరులు కారని మనము నిశ్చయించుటకు వీలు లేదు. మన తలుపు వారికి కనబడుట లేదు, అంతియే.

చదువరి రాకున్న గ్రంథాలయమే చదువరి యొద్దకు పోవలెనని మన ఉద్యమ పెద్దలు ఏనాడో గ్రహించిరి. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయమును స్థాపించినవారు తెలుగు పుస్తకమునకు చోటు కరవైన నగరమున దానికొక ఇల్లు కట్టిరి. 1935లో పాతూరి నాగభూషణముగారు కాలువలపై ప్రయాణము చేయువారికై పడవలలో పుస్తకములుంచి పడవ గ్రంథాలయమును నడపిరి. ప్రయాణికుడు ఎచ్చట కూర్చుండి పొద్దు పుచ్చునో అచ్చటికి పుస్తకమును చేర్చుట వారి యుక్తి. ఈనాడు బస్సులో కూర్చున్నవాని పొద్దు ఫోనులో గడచుచున్నది. కావున మన పుస్తకముల పట్టికయు, మనము తలుపు తెరచు వేళలును ఆ ఫోనులో కనబడుట ఆ పాత యుక్తికి కొనసాగింపే గాని వింత కాదు.

ఇక టెంప్లేటు అననేమి? వెబ్‌పుట రెండు విధములైన వ్రాతలతో ఏర్పడును. మొదటిది హెచ్.టి.ఎమ్.ఎల్. ఇది శీర్షిక, ఇది పేరా, ఇది పట్టిక అని విషయమును విడమరచి చెప్పునది. రెండవది సి.ఎస్.ఎస్. శీర్షిక ఎంత పెద్దదిగా నుండవలెను, పేరాల నడుమ ఎంత ఎడముండవలెను, ఏ రంగు పూయవలెను అని రూపమును శాసించునది. ఇంటికి గోడలు మొదటిది, సున్నము, రంగు, అలంకారము రెండవది. ఈ రెండును ముందుగనే వ్రాసి, విషయమున్న చోట ఖాళీలు విడిచి, “మీ మాటలు పెట్టుకొనుడు” అని ఒకరు మనకిచ్చినచో అదియే టెంప్లేటు.

ఇట్టి వస్తువు ఉచితముగా దొరకుట ఆకస్మికము కాదు. దాని వెనుక దాతల వరుస యున్నది. వెబ్ అను ఏర్పాటును 1989లో ప్రతిపాదించిన టిమ్ బెర్నర్స్-లీ జెనీవా సమీపమున సెర్న్ అను పరిశోధనాలయమున పనిచేయుచుండెను. 1993 ఏప్రిల్ 30న ఆ సంస్థ తన వెబ్ సాఫ్ట్‌వేరును ఎట్టి రుసుమును లేకుండ లోకమునకు వదలివేసెను. 1994లో హాకొన్ వియుమ్ లీ రూపమును విషయమునుండి వేఱుచేయు సి.ఎస్.ఎస్. పద్ధతిని సూచించెను. అది 1996లో ప్రమాణముగా అంగీకరింపబడెను. పుటను చూచు పరికరముల పరిమాణములు పలువిధములు కాగా, 2010లో ఈథన్ మార్కాట్ అను రూపశిల్పి ఒకే పుట అన్ని తెరలకును ఒదుగునట్లు చేయు విధానమును వివరించి దానికి “రెస్పాన్సివ్” అని పేరు పెట్టెను. 2011లో ట్విట్టర్ సంస్థలో పనిచేయు ఇద్దరు యువకులు తయారుచేసిన బూట్‌స్ట్రాప్ అను సామగ్రి ఉచితముగా వెలువడి, అట్టి పుటలు కట్టుట సామాన్యులకును సాధ్యమయ్యెను. 2017 నుండి ముఖ్యమైన బ్రౌజరులన్నియు “గ్రిడ్” అను గడుల పద్ధతిని నేరుగా గ్రహించుచున్నవి. కావున నేటి టెంప్లేట్లకు వెనుకటియంత బరువైన సామగ్రియు అవసరము లేదు.

ఒదుగుట యనగా నేమో తెలియనివారికి మన ఇంటి పెండ్లి బంతిని జ్ఞప్తికి తెచ్చుకొనుమని చెప్పుదును. పందిరి విశాలమైనదైనచో విస్తళ్ళు మూడు వరుసలుగా వేయుదుము. ఇరుకైనచో ఒకే వరుస. వరుసలు మారినను వడ్డన మారదు, వంటకముల క్రమము మారదు, ఏ అతిథియు పస్తుండడు. టెంప్లేటు కూడ ఇట్లే. బల్లమీది కంప్యూటరులో మన పుట మూడు నిలువు వరుసలుగా నిలుచును. 360 చుక్కల వెడల్పు గల చిన్న ఫోనులో అదియే ఒక్క వరుసగా క్రిందికి దిగును. తెర వెడల్పు ఇంతకు మించినచో ఇట్లు అమర్చుమని వ్రాసెడి నియమమునకు మీడియా క్వెరీ అని పేరు. కొలతలు అంగుళములలో గాక వెడల్పులో పాళ్ళుగా చెప్పుట, బొమ్మ తన గడిని దాటకుండుట, ఈ నియమము, మూడును కలిసి ఆ ఒదుగుడు సిద్ధించును.

మా టెంప్లేటు దొరికిన రోజున అందరమును సంతోషించితిమి. చక్కని తెల్లని పుట, పైన పెద్ద ఛాయాచిత్రమునకు చోటు, క్రింద మూడు గడులు. అయితే దానితోపాటు ఒక చిన్న దస్త్రము వచ్చినది. అది అనుమతిపత్రము. ఉచితమైన దానికి అనుమతి యేమిటని మేము మొదట దానిని చదువలేదు. చదివిన పిదప తెలిసినది. ఉచితములలో పలు తెగలున్నవి. ఎం.ఐ.టి. లైసెన్సు అనునది “ఏమైనను చేసికొనుడు, ఈ హక్కు ప్రకటనను మాత్రము తీసివేయకుడు” అనును. క్రియేటివ్ కామన్స్ వారి అనుమతులలో ఒకటి “వాడుకొనుడు, మార్చుకొనుడు, చేసినవారి పేరు చెప్పుడు” అనును. ఇంక కొన్ని “స్వంతమునకు వాడుకొనుడు, వ్యాపారమునకు వలదు” అనును. మాకు దొరికినది పేరు చెప్పుమన్న తెగలోనిది. పుట అడుగున రూపకర్త పేరుతో చిన్న పంక్తి యున్నది.

ఆ పంక్తి తీసివేయుమని మాలో కొందరు అనిరి. “మన గ్రంథాలయము పుటలో ఎవరో పరాయివాని పేరెందుకు? తీసినను అడుగువాడెవ్వడు?” అని వారి వాదము. కార్యవర్గములో రెండు సమావేశములు ఈ ఒక్క పంక్తి మీదనే గడచినవి. చివరకు మన పుస్తకముల బీరువా తెరచి, దాతలిచ్చిన గ్రంథమొకటి తీసి, మొదటి పుట చూపితిని. “ఫలానావారి జ్ఞాపకార్థము” అని వ్రాసియున్నది. ఈ పుటను చింపి పుస్తకమును మాత్రము ఉంచుకొందమా అని అడిగితిని. ఎవరును మాటాడలేదు. ఆ పంక్తి నేటికిని మన వెబ్‌పుట అడుగున నున్నది. ధర లేనిది గనుక ఋణము లేదనుకొనుట గ్రంథాలయమునకు తగిన బుద్ధి కాదు.

ఇంతవరకు జరిగినది సులభమైన పని. అసలు కష్టము మన అక్షరములు పెట్టిన క్షణమున మొదలయ్యెను. పుటమీద పెద్ద అక్షరములతో మన గ్రంథాలయము పేరు పెట్టి, ఫోనులో తెరచి, రజతోత్సవము వరకు జీవించుమని మేము కోరుకొన్న తొలి సభ్యులలో ఒక పెద్దాయనకు చూపితిమి. ఆయన కండ్లజోడు సరిచేసికొని చదివి, “ఏం బిడ్డా, గ్రంథాలయం పోయి గంథాలయం అయింది?” అని అడిగెను. చూతుము గదా, గకారము క్రిందనుండవలసిన రావత్తు సగమునకు పైగా తెగిపోయినది. క్రింద “స్వాతంత్ర్య దినోత్సవము” అనుచోట వత్తుల క్రింద వత్తులు దిగి తరువాతి పంక్తి నెత్తికెక్కినవి.

కారణము వెదకితిమి. టెంప్లేటు చేసినవాడు తన భాషను మనసులో నుంచుకొని చేసెను. అది అతని తప్పు కాదు. ఇంగ్లీషు అక్షరము ఒక పంక్తిపై నిలుచును. కొన్నిటికి తోక, కొన్నిటికి కొమ్ము, అంతియే. మన అక్షరమునకు పైన గుడియో తలకట్టో, క్రింద వత్తు, ఆ వత్తు క్రింద ఇంకొక వత్తు ఉండవచ్చును. శీర్షికలో పంక్తి ఎత్తు అక్షరపు కొలతకు 1.2 రెట్లని టెంప్లేటులో వ్రాసియున్నది. అది ఇంగ్లీషునకు చాలును, మనకు చాలదు. పైగా శీర్షికయున్న గడికి ఎత్తు నిర్ణయించి, మించినదానిని దాచుమని ఆజ్ఞయు నున్నది. దాచబడినది మన వత్తు.

అచ్చుయంత్రముల కాలమున ఈ మర్మము కంపోజిటరులకు తెలియును. పంక్తికిని పంక్తికిని నడుమ సీసపు పలుచని బద్దలు పెట్టి ఎడము కల్పించెడివారు. మేము చేసినది ఆ పనియే. సీసము లేదు, ఒక అంకె మార్చితిమి. పేరాలలో పంక్తి ఎత్తును 1.8కి పెంచితిమి, శీర్షికలలో 1.6 చేసితిమి. గడుల ఎత్తు నిర్ణయించిన ఆజ్ఞను తొలగించి, లోపలి విషయమును బట్టి గడియే పెరుగునట్లు చేసితిమి. మార్పు వ్రాయుటకు అయిదు నిమిషములు పట్టెను. కారణము కనుగొనుటకు మూడు ఆదివారములు పట్టెను.

రెండవ చిక్కు ఖతులది, అనగా ఫాంట్లది. టెంప్లేటుతో వచ్చిన ఫాంటులో తెలుగు లేదు. అందుచే ప్రతి ఫోనును తనకు తోచిన తెలుగును తెచ్చి పెట్టుచుండెను. ఒకచోట సన్నము, ఒకచోట లావు. ఇచ్చటను ఇతరుల దానమే మనలను ఆదుకొన్నది. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగునకు 128 స్థానములు కేటాయింపబడినవి. ఆ స్థానములకు రూపమిచ్చు ఖతులు కావలెను గదా. తిరుమల కృష్ణ దేశికాచారిగారు పోతన, వేమన అను ఖతులను తయారుచేసి ఉచితముగా నొసగిరి. తరువాత అమెరికాలోని తెలుగువారి సంస్థయైన సిలికానాంధ్ర పూనికతో మండలి, రామభద్ర, గురజాడ, పెద్దన, ధూర్జటి మొదలగు ఖతులు స్వేచ్ఛగా వాడుకొను అనుమతితో వెలువడినవి. కాలిఫోర్నియాలో నున్నవారు మన లిపికై చేసిన ఈ సేవ నాదర్‌గుల్‌లో పనికివచ్చినది. మేము పేరాలకు మండలిని, శీర్షికలకు రామభద్రను స్వీకరించితిమి. ఇప్పుడు ఏ ఫోనులో చూచినను మన పుట ఒకే తీరున కనబడును.

మూడవది దీర్ఘ పదములు. మనకు సంధులన్నను సమాసములన్నను మక్కువ. “రజతోత్సవసంచికాసంపాదకవర్గము” అని వ్రాసినచో చిన్న ఫోనులో అది గడి దాటి గోడ అవతలికి పోయినది. పదము పట్టనిచో విఱిచి క్రింది పంక్తికి దించుమని సి.ఎస్.ఎస్.లో ఆజ్ఞ వ్రాయవచ్చును. వ్రాసితిమి. అయితే అది ఎచ్చట విఱుచునో మన చేతిలో లేదు. అందుచే పేర్లను విడదీసి వ్రాయుటయే మేలని తేలినది. మా భాషాభిమానులు కొంత నొచ్చుకొనిరి. చదువరికి అందని సమాసము కంటె అందిన రెండు మాటలు మిన్న.

నాలుగవది బరువు. పై భాగమున పెట్టిన ఛాయాచిత్రము ఫోనుతో తీసినది తీసినట్లే పెట్టితిమి. నాలుగు మెగాబైట్లు. సిగ్నలు బలహీనముగా నున్న చోట, బొమ్మ దిగునంతలో చూచువాని ఓర్పు నశించును. అదే చిత్రమును కుదించి రెండువందల కిలోబైట్లలోనికి తెచ్చితిమి. కంటికి భేదము తెలియలేదు. గ్రంథాలయపు పుట తక్కువ ధర ఫోనులో, తక్కువ డేటాతో తెరచుకొనవలెను. అది మన నియమము కావలెను.

అయిదవది మిక్కిలి చిన్నది, కాని నాకు అన్నిటికంటె ప్రియమైనది. పుట మొదట ఇది ఏ భాషయో చెప్పు ఒక గుర్తుండును. టెంప్లేటులో ఇంగ్లీషని యుండెను. దానిని తెలుగని మార్చితిమి. కండ్లు కనబడనివారు ఫోనుచేత పుటను చదివించుకొందురు. గుర్తు తప్పైనచో ఆ యంత్రము మన తెలుగును ఇంగ్లీషు గొంతుతో చదువబోయి తడబడవచ్చును. రెండక్షరములు దిద్దినందున ఒక చదువరికి తలుపు తెరచుకొనునన్నచో, దిద్దకుండుట ఎంత నేరము!

ఇంక నా పాత తప్పునకు వత్తును. ఈ పర్యాయము పుస్తకముల పట్టికను మొదట మన కంప్యూటరులో సాదా దస్త్రముగా ఉంచితిమి. పుటలోనిది దాని ప్రతి మాత్రమే. నెలకొకసారి మొత్తమును ఒక పెన్‌డ్రైవులోనికి ఎక్కించి బీరువాలో పెట్టి, దాఖలా పుస్తకములో తేదీ వేసి సంతకము చేయుచున్నాము. ఈ పద్ధతిలో గల లాభమేమనగా టెంప్లేటు సాదా వ్రాత. దానిని తెరచి చదువవచ్చును, దిద్దవచ్చును, ఒకచోట చోటు పోయినచో ఇంకొకచోటికి మోసికొని పోవచ్చును. అయితే ఉచితమన్నంత మాత్రమున ఖర్చే లేదని ఎవరును భ్రమపడవలదు. పుట పేరునకు ఏటేట రుసుము కట్టవలెను. ఆ గడువు తేదీ ఇప్పుడు కార్యాలయపు గోడమీద పెద్ద అక్షరములతో వ్రాసియున్నది. వచ్చు కార్యదర్శికి తాళపుచెవులతోపాటు ఆ వివరములును అప్పగింపబడును.

మొన్న ఒక సాయంకాలము కుట్టుపని చేసికొను ఒక అమ్మ లోపలికి వచ్చి, నేరుగా మూడవ బీరువా యొద్దకు పోయి, తనకు కావలసిన నవల తీసికొనెను. ఎట్లు తెలిసినదమ్మా అని అడిగితిని. “ఫోన్‌ల చూసిన సార్, బండి దిగంగనే వచ్చిన” అనెను. ఆమె చూచిన పట్టిక ఆ ఇద్దరమ్మాయిలలో ఒకతె మరల కూర్చుండి టైపు చేసినది. రెండవ పర్యాయము అడుగుటకు నాకు నోరు రాలేదు. ఆమెయే వచ్చి చేసినది.

మిత్రులారా, నేను చెప్పదలచినది ఒక్కటే. ఉచితముగా వచ్చిన వస్తువు వచ్చినంత మాత్రమున మనది కాదు. ఇచ్చినవాని పేరు నిలిపి, మన అక్షరమునకు చాలునంత చోటు అందు కల్పించి, దాని ప్రతిని మన బీరువాలో పెట్టుకొన్న నాడు అది మనదగును. అచ్చు ఎవరైన ఇత్తురు. అక్షరమును కాపాడుకొనవలసినవారము మనమే.

మేము దిద్దిన టెంప్లేటును, మార్చిన అంకెల వివరముతో సహా, కోరిన ప్రతి గ్రామ గ్రంథాలయమునకు ఉచితముగా ఇచ్చుటకు కార్యవర్గము తీర్మానించినది. షరతు మాకు వచ్చినదే. మొదటి రూపకర్త పేరు తీయకుడు. మా పేరు ఉంచుట ఉంచకపోవుట మీ ఇష్టము. మీ ఊరి పేరు పెట్టిన తరువాత ఒక పెద్దవారికి చూపి, వత్తులన్నియు కనబడుచున్నవా అని మాత్రము అడుగుడు.